తలాఖ్ పొందిన స్త్రీ ధనహక్కులు: మహర్ బాకీ నుండి మతా వరకు

తలాఖ్ ఏ మాటతో చెల్లుతుంది, ఎన్నిసార్లు పలికితే తిరుగులేనిదవుతుంది అన్న విషయంపై మన దేశంలో గ్రంథాలు, ఫత్వాలు, కరపత్రాలు లెక్కకు మించి వెలువడ్డాయి. తలాఖ్ చెల్లిన మరునాడు ఆ స్త్రీకి రావలసిన ధనమేమిటి, దానిని ఎవరు, ఏ గడువులో చెల్లించాలి అన్న ప్రశ్నకు మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు. 1985లో సుప్రీంకోర్టు షాబానో కేసులో తీర్పు చెప్పిన తరువాత ఆ ప్రశ్న వీధికెక్కింది. అప్పుడు కూడ వాదమంతా 'భరణం' అనే ఒక్క మాట చుట్టే తిరిగింది. ఇవ్వాలన్నవారు గాని, ఇవ్వనక్కరలేదన్నవారు గాని షరీఅత్ ఆమెకు నిర్ణయించిన మిగతా ధనం సంగతి ఎత్తింది తక్కువ.

ఆ మిగతాది స్వల్పమేమీ కాదు. పెళ్ళినాటికి ఆమెకున్నదీ, పెళ్ళిలో ఆమెకు వచ్చినదీ ఆమె సొంత ఆస్తి. మహర్ భర్త మీద ఆమెకున్న బాకీ. ఇద్దత్ కాలంలో తిండి, బట్ట, ఇల్లు అతని బాధ్యత. అతని బిడ్డకు ఆమె పాలిస్తే దానికి ప్రతిఫలం వేరే ఉంది. వీటన్నిటికీ పైన, విడిపోయేటప్పుడు ఇచ్చి పంపవలసిన 'మతా' ఉంది. మొదటివాటి మూలసూత్రం విషయంలో ఫుఖహాలకు పేచీ లేదు, భేదాలున్నవి వివరాలలోనే. మతా విషయంలో మాత్రం, ఇది ఖాజీ వసూలు చేయించగల హక్కా, లేక భర్త దైవభీతికి వదిలిపెట్టిన ఔదార్యమా అన్న వివాదం హిజ్రీ తొలి శతాబ్దాలలోనే పుట్టింది. దాదాపు పదమూడు వందల ఏళ్ళ తరువాత అదే వివాదం ఢిల్లీలో న్యాయమూర్తుల ముందు మళ్ళీ వినిపించింది.

ఇస్లాంకు పూర్వం అరబ్బులలో పెళ్ళికూతురి పేరిట వచ్చే ధనాన్ని ఆమె తండ్రి గాని, సంరక్షకుడు గాని తీసుకొనే ఆచారం ఉండేది. భర్త మరణిస్తే అతని వారసులు ఆస్తితో బాటు ఆ స్త్రీ మీద కూడ హక్కు చెప్పుకొనేవారు. అన్నిసా సూరా 4వ ఆయత్ మహర్‌ను స్త్రీలకే మనస్ఫూర్తిగా ఇవ్వమని ఆదేశించింది. దానితో ఆ ధనం చేరవలసిన చేయి మారింది. అదే సూరా 19వ ఆయత్ స్త్రీలను బలవంతంగా వారసత్వపు సొత్తు చేసుకోవడాన్నీ, ఇచ్చినదానిలో కొంత రాబట్టుకోవడానికి వారిని ఇబ్బంది పెట్టడాన్నీ నిషేధించింది. ఒక భార్యను విడిచి మరొకరిని చేసుకోదలచినవాడు మొదటి ఆమెకు ధనరాశి ఇచ్చి ఉన్నా అందులో ఏదీ వెనక్కు పుచ్చుకోరాదని 20వ ఆయత్ చెబుతుంది. తలాఖ్ చెప్పే పురుషుడికి ఇచ్చినది తిరిగి తీసుకొనే హక్కు లేదన్న సంగతి అల్‌బఖరా 229వ ఆయత్‌లో కూడ ఉంది. అక్కడ ఒక్క మినహాయింపు ఖులా, అనగా స్త్రీయే విడిపోవాలని కోరినప్పుడు ఆమె ఇచ్చుకొనే పరిహారం.

ఆ ఖులాకు ఆధారమైన సంఘటన నుండి కూడ మహర్ స్వరూపం తెలుస్తుంది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, భర్త నడవడిలో గాని ధర్మనిష్ఠలో గాని లోపం లేదనీ, కాని అతనితో కాపురం చేయలేననీ విన్నవించుకుంది. అతడు మహర్‌గా ఇచ్చిన తోటను తిరిగి ఇస్తావా అని ప్రవక్త (సఅసం) అడిగారు. ఆమె ఒప్పుకుంది. బుఖారీలో వచ్చిన హదీసు ఇది. ఖులా సంగతి అటుంచితే, ఇక్కడ మహర్ ఒక తోట. చేతిలో పడి ఖర్చయిపోయే నాణేలు కావు. ఏటా ఫలసాయమిచ్చే స్థిరాస్తి.

హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖిలాఫత్ కాలంలో మహర్‌కు 400 దిర్హాముల పరిమితి విధించబోగా, ఖురైష్ స్త్రీ ఒకామె లేచి అన్నిసా 20వ ఆయత్‌ను గుర్తుచేసిందనీ, ఖలీఫా తమ మాటను ఉపసంహరించుకున్నారనీ ఒక కథనం ప్రసిద్ధం. దీని పరంపరపై హదీసు పండితులలో చర్చ ఉంది. అయినా ఫుఖహాల తీర్మానం దానికి అనుగుణంగానే ఉంది: మహర్‌కు గరిష్ఠ పరిమితి లేదు. కనిష్ఠం హనఫీల దృష్టిలో 10 దిర్హాములు. దైవప్రవక్త (సఅసం) సతీమణుల మహర్ 500 దిర్హాములని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు ముస్లిం హదీసు సంకలనంలో ఉంది. మన దేశపు ఉలమా దానిని 131 తులాల 3 మాషాల వెండిగా లెక్కకట్టారు. ఇప్పటి తూకంలో అది కిలోన్నర వెండికి కొంచెం పైమాట. 'మహరె ఫాతిమీ' అని పేరుపెట్టి నామమాత్రపు రూపాయలు రాయించేవారు ఈ తూకాన్ని ఒకసారి బజారు ధరతో సరిచూసుకుంటే తెలుస్తుంది.

కాపురం జరిగిన తరువాత తలాఖ్ ఇస్తే పూర్తి మహర్ చెల్లించాలి. కాపురానికి ముందే ఇస్తే, మహర్ నిర్ణయమై ఉన్న పక్షంలో సగం. ఇది అల్‌బఖరా 237వ ఆయత్ విధి. మహర్ చెల్లించకుండా భర్త చనిపోతే తక్కిన అప్పులతో బాటు అది అతని ఆస్తి నుండి ముందు తీరాలి. ఆ తరువాతనే వారసత్వపు పంపకం. మహర్ దానం కాదు, దైన్ అని ఫిఖహ్ గ్రంథాలు చెప్పడంలో ఉన్న అర్థం ఇదే. అప్పుకు భర్త దయతో గాని, అతని అలకతో గాని పని లేదు.

ఇద్దత్ కాలపు పోషణ విషయంలో తొలి తరంలోనే ఒక పెద్ద చర్చ జరిగింది. ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) అనే సహాబియాకు ఆమె భర్త చివరి తలాఖ్‌ను దూరప్రాంతం నుండి కబురు పంపాడు. అతని తరఫు మనిషి కొంత బార్లీ మాత్రం అందించాడు. అది చాలదని ఆమె ప్రవక్త (సఅసం) వద్ద మొరపెట్టుకోగా, తనకు నఫఖా లేదని చెప్పి, అంధుడైన ఇబ్ను ఉమ్మి మక్తూమ్ (రజి) ఇంట ఇద్దత్ గడపమన్నారని ఆమె ఉల్లేఖించేది. హజ్రత్ ఉమర్ (రజి) ఈ ఉల్లేఖనాన్ని ఆధారంగా స్వీకరించలేదు. గుర్తున్నదో మరచిందో తెలియని ఒక స్త్రీ మాట మీద దైవగ్రంథపు ఆదేశాన్ని విడువలేమన్నది వారి వాదన. తలాఖ్ పొందిన స్త్రీలను ఇళ్ళ నుండి వెళ్ళగొట్టవద్దన్న అత్తలాఖ్ సూరా మొదటి ఆయత్, మీరున్న చోటనే మీ స్థోమతను బట్టి వారికి నివాసమివ్వండన్న 6వ ఆయత్ వారి దృష్టిలో ఉన్నాయి. ఫాతిమా ఉన్న ఇల్లు ఒంటరి ప్రదేశంలో ఉండడం వల్లనే ఆమెను తరలించారని హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. ఈ ఒక్క సంఘటన నుండి మజ్‌హబులు వేరువేరు దారులు పట్టాయి. తిరుగులేని తలాఖ్ పొందిన స్త్రీకి కూడ ఇద్దత్‌లో నఫఖా, నివాసం రెండూ ఉన్నాయని హనఫీలు అన్నారు. గర్భవతి కాకపోతే నివాసం మాత్రమేనని మాలికీ, షాఫయీ పండితులు చెప్పారు. హంబలీలలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం ఆ రెండూ లేవు. గర్భవతికి ప్రసవం వరకు పోషణ ఉందనడంలో మాత్రం అందరిదీ ఒకే మాట; అది ఖుర్ఆన్‌లోనే స్పష్టంగా ఉంది.

ఇక మతా. ఫిఖహ్ గ్రంథాలలో దీనినే 'ముత్అ' అని కూడ రాస్తారు. తాత్కాలిక వివాహానికున్న అదే పేరుతో దీనిని కలపరాదు. పదం ఒక్కటే, విషయం వేరు. ఖుర్ఆన్‌లో దీని ప్రస్తావన ప్రధానంగా మూడు చోట్ల వస్తుంది. మహర్ నిర్ణయం కాకుండా, కాపురం జరగకుండా విడాకులైన స్త్రీకి కలవాడు తన కలిమికి తగినట్లు, లేనివాడు తన లేమికి తగినట్లు మతా ఇవ్వాలని అల్‌బఖరా 236వ ఆయత్ చెబుతుంది. అహ్‌జాబ్ సూరా 49వ ఆయత్ మతా ఇచ్చి మర్యాదగా పంపమంటుంది. అల్‌బఖరా 241వ ఆయత్‌లో కాపురం, మహర్ అనే షరతుల ఊసు లేకుండానే తలాఖ్ పొందిన స్త్రీలకు మారూఫ్ ప్రకారం మతా ఉందనీ, అది ముత్తఖీలపై హక్కు అనీ వచ్చింది. మారూఫ్ అనగా సమాజంలో సబబైనదిగా అందరూ ఎరిగిన పద్ధతి. ముత్తఖీలు దైవభీతి కలవారు. వివాదమంతా ఈ చివరి మాటలోనే దాగి ఉంది.

సహాబాలు మతా ఇచ్చిన తీరు గ్రంథాలలో ఉంది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) భార్యకు తలాఖ్ ఇచ్చి ఒక బానిస స్త్రీని మతాగా ఇచ్చారని ఇమాం మాలిక్ తమ మువత్తాలో రాశారు. ఆ కాలపు విలువలలో అది గణనీయమైన ఆస్తి. హజ్రత్ హసన్ బిన్ అలీ (రజి) 10,000 దిర్హాములు పంపారని తఫ్సీర్ గ్రంథాలలో ఉంది. సగం మహర్ పొందే స్త్రీ తప్ప తలాఖ్ పొందిన ప్రతి స్త్రీకీ మతా ఉందని ఇబ్ను ఉమర్ (రజి) అభిప్రాయంగా మువత్తాలోనే ఉంది. ఇచ్చినవారు గొప్ప సహాబాలు. ఇవ్వనివాడిని ఏం చేయాలి? ఈ ప్రశ్నకు సమాధానం ఈజిప్టు ఖాజీల చరిత్రలో దొరుకుతుంది.

ఆ ఖాజీల చరిత్రను పదవ శతాబ్దంలో అల్ కిందీ గ్రంథస్థం చేశాడు. క్రీ.శ. ఏడవ శతాబ్దం చివర అక్కడ ఖాజీగా ఉన్న ఇబ్ను హుజైరా మతా తప్పనిసరి అని భావించాడు. దాని మొత్తాన్ని మూడు దీనార్లుగా నిర్ణయించాడు. భర్త ఇచ్చినప్పుడు ఇస్తాడులెమ్మని ఊరుకోలేదు. ఆనాటి అరబ్బు సైనికులకు దీవాన్ నుండి జీతం వచ్చేది. ఆ జీతంలో నుండే మూడు దీనార్లు మినహాయించి స్త్రీకి చేరేటట్లు ఏర్పాటు చేశాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే జీతం జప్తు.

తరువాతి శతాబ్దపు పూర్వార్ధంలో తౌబా బిన్ నమిర్ ఆ పీఠం మీదికి వచ్చాడు. అతనికి మతా మీద గౌరవముంది గాని, అది భర్త అంతరాత్మకు సంబంధించినదనీ, బలవంతంగా వసూలు చేయించే అధికారం ఖాజీకి లేదనీ అతని అభిప్రాయం. తలాఖ్ ఇచ్చిన ఒకడిని మతా ఇమ్మని అడిగితే వాడు ఇవ్వనన్నాడు. ఖాజీ మారుమాట్లాడలేదు. కొంతకాలానికి అదే మనిషి మరొక వ్యాజ్యంలో సాక్షిగా వచ్చాడు. తౌబా అతని సాక్ష్యాన్ని తోసిపుచ్చాడు. ముత్తఖీలలో ఒకడుగా ఉండడానికి తానే నిరాకరించినవాడు సాక్ష్యానికి ఎట్లా తగుతాడన్నది ఖాజీ తర్కం. చమత్కారంగానే ఉంది. కాని దీనివల్ల ఆ స్త్రీకి ముట్టింది ఏమీ లేదు. భర్త మర్యాద పోయింది, ఆమె మూడు దీనార్లూ పోయాయి. తౌబా తరువాత వచ్చిన ఖైర్ బిన్ నుఐమ్ పాత పద్ధతికే మళ్ళి, మతాను తిరిగి వసూలు చేయించాడు. ఒకే నగరంలో, ఒకే ఆయత్ మీద, కొన్ని దశాబ్దాలలో మూడు తీర్పులు! ముగ్గురూ ఖుర్ఆన్ ఎరిగినవారే, ముగ్గురూ నీతిమంతులుగా పేరుపొందినవారే.

మజ్‌హబులు స్థిరపడేసరికి తౌబా దారే ఎక్కువమందిది అయింది. హనఫీ ఫిఖహ్‌లో మతా తప్పనిసరి అయ్యేది ఒక్క సందర్భంలోనే: మహర్ నిర్ణయం కాక, కాపురం జరగక విడిపోయినప్పుడు. దాని పరిమాణం మూడు వస్త్రాలు. విలువ ఆమెకు తగిన మహర్‌లో సగానికి మించరాదు. తక్కినవారికి ఇవ్వడం మంచిదే గాని విధి కాదు. మాలికీల దృష్టిలో మతా సర్వత్రా అభిలషణీయం మాత్రమే. షాఫయీలు ఇబ్ను ఉమర్ (రజి) మాటకు దగ్గరగా నిలిచి, సగం మహర్ పొందిన స్త్రీకీ, తన వైపు కారణంతో విడిపోయిన స్త్రీకీ తప్ప తక్కినవారికి మతా విధి అన్నారు. తఫ్సీర్ రచయిత తబరీ, అందులసియాకు చెందిన ఇబ్ను హజమ్ ప్రతి తలాఖ్‌లోనూ అది విధిగా ఇవ్వవలసినదే అన్నారు. మన ప్రాంతంలో అధికసంఖ్యాకులు హనఫీలు కావడం వల్ల మతా అనే మాటే తెలుగు ముస్లింల ఇళ్ళలో వినబడకుండా పోయింది. నిఖాలో అది చెప్పరు, తలాఖ్‌లో అది అడగరు.

స్త్రీ సొంత ఆస్తి విషయంలో పరిస్థితి ఇంతకంటే మెరుగు. నిఖా వల్ల భార్య ఆస్తి భర్తది కాదు. అతని అనుమతి లేకుండానే ఆమె అమ్మగలదు, కొనగలదు, వక్ఫ్ చేయగలదు. ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీకి అటువంటి స్వతంత్రం చట్టరీత్యా 1882లో గాని పూర్తిగా రాలేదు. పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో ఉస్మానీ సామ్రాజ్యపు ఖైసరీ నగరంలో ఖాజీ దఫ్తరాలు చూస్తే, స్త్రీలు స్వయంగా న్యాయస్థానానికి వచ్చి ఆస్తి వ్యాజ్యాలు నడిపిన సంగతి కనిపిస్తుంది. అదే శతాబ్దంలో సూరత్ రేవులో రాసుకున్న పారసీ నిఖానామాలు కొన్ని మిగిలాయి. భర్త రెండవ పెళ్ళి చేసుకోరాదని, కొట్టరాదని, పోషణ ఏర్పరచకుండా దూరదేశంలో ఉండిపోరాదని, దాసిని ఉంచుకోరాదని వాటిలో షరతులున్నాయి. షరతు తప్పితే విడిపోయే వీలు భార్యకుంది. సముద్ర వ్యాపారులు మెలిగే ఊరిలో ఆడపిల్ల తండ్రులు కాగితం మీద గట్టిగా రాయించుకున్నారు. ఆ అలవాటు తరువాతి కాలంలో ఎందుకు సన్నగిల్లిందన్నది వేరే పరిశోధన చేయదగిన విషయం.

ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానాలకు చార్లెస్ హామిల్టన్ 1791లో చేసిన హిదాయా ఆంగ్లానువాదమే చాలాకాలం ఆధారం. ఒక మజ్‌హబులోని ఒక గ్రంథం, అదీ పారసీ ద్వారా వచ్చిన అనువాదం, దేశమంతటికీ షరీఅత్ అయి కూర్చుంది. ఈజిప్టు ఖాజీల వంటి వైవిధ్యానికి దానిలో చోటులేదు. అయితే మహర్‌ను అప్పుగా గుర్తించడంలో ఆ కోర్టులు వెనుకాడలేదన్నది ఒప్పుకోవాలి. 1886లో అలహాబాదు హైకోర్టులో జస్టిస్ సయ్యద్ మహమూద్ ఇచ్చిన తీర్పు మహర్ చట్టానికి మూలస్తంభమైంది. చెల్లని మహర్ కింద భర్త ఆస్తిని స్వాధీనంలో ఉంచుకున్న వితంతువుకు పరిహారంగా వడ్డీ కూడ ఇవ్వవచ్చునని 1916లో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది.

మహర్‌లో రెండు రకాలు: అడిగిన వెంటనే ఇవ్వవలసినది, తలాఖ్ లేక మరణం నాడు ఇవ్వవలసినది. అరబీలో మొదటిదానిని ఐన్ అక్షరంతో, రెండవదానిని హంజాతో రాస్తారు. తెలుగు లిపిలో రెండూ 'ముఅజ్జల్' అనే అవుతాయి. మన నోట కూడ తేడా వినబడదు. ఒక్క అక్షరంలోని ఈ తేడా మీద ఎన్నో వ్యాజ్యాలు నడిచాయి. ఏ రకమో రాయనప్పుడు మొత్తం వెంటనే ఇవ్వవలసినదే అని మద్రాసు హైకోర్టు భావించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు దాని పరిధిలోనివే. అలహాబాదు, బొంబాయి హైకోర్టులు ఆచారాన్ని బట్టి రెండు భాగాలు చేశాయి. తలాఖ్ అయిన తరువాత ఎలాగూ మొత్తం చెల్లవలసిందే. కాని ఇతర అప్పులవలె దీనికీ కాలదోషం ఉంది. 1908 నాటి కాలపరిమితి చట్టం తలాఖ్ నాటి నుండి మూడేళ్ళ గడువిచ్చింది. పెద్దమనుషుల పంచాయతీలతో, రేపు మాపు అనే వాయిదాలతో ఆ మూడేళ్ళు గడిచిపోతే బాకీ మునిగినట్లే. హైదరాబాదు సంస్థానంలో మరొక చిక్కు. హాలీ సిక్కాలో రాసుకున్న మహర్లు భారత రూపాయల్లోకి మారేటప్పుడు ఏడు హాలీ రూపాయలకు ఆరు లెక్క. అంకె తరుగుదల కంటే పెద్ద నష్టం కాలం చేసింది. తాతల నాడు భూమి కొనగల మహర్ మనుమరాళ్ళ నాటికి నెల ఖర్చుకు చాలలేదు.

స్వదేశీ శాసనసభలలో 1937 షరీఅత్ చట్టం, 1939 ముస్లిం వివాహరద్దు చట్టం వచ్చాయి. రెండవదానికి మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1931లో ప్రకటించిన 'అల్ హీలతున్నాజిజా' దారి చూపింది. హనఫీ ఫిఖహ్‌లో దారి దొరకని స్త్రీల కోసం వారు మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించారు. అవసరం వచ్చినప్పుడు మరొక మజ్‌హబు తలుపు తట్టడం మన ఉలమాకు తెలియని పని కాదు. 1939 చట్టం 5వ సెక్షన్ వివాహం రద్దయినా స్త్రీ మహర్ హక్కు పోదని స్పష్టం చేసింది. మతా విషయంలో మాత్రం షాఫయీ తలుపు ఎవరూ తట్టలేదు.

ఆ ఖాళీలోకి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. 1898 నాటి కోడ్ 488వ సెక్షన్ కింద భార్యకు మాత్రమే భరణం; కేసు వేయగానే తలాఖ్ చెప్పి తప్పించుకొన్న భర్తలున్నారు. 1973 కోడ్ 125వ సెక్షన్ విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకోని స్త్రీని కూడ 'భార్య' నిర్వచనంలో చేర్చింది. నెలకు 500 రూపాయలు పరిమితి. ముస్లిం ప్రతినిధుల అభ్యంతరంతో 127వ సెక్షన్‌లో ఒక ఉపవాక్యం చేరింది: వైయక్తిక చట్టం ప్రకారం విడాకుల సందర్భంగా రావలసిన మొత్తం ముట్టి ఉంటే భరణపు ఉత్తర్వును రద్దు చేయవచ్చు. ఆ మొత్తమంటే ఏమిటి? మహర్, ఇద్దత్ ఖర్చు అని భర్తల వాదన. 1979లో బాయి తాహిరా కేసులో 5,000 రూపాయల మహర్, 180 రూపాయల ఇద్దత్ ఖర్చు ముట్టినా ఆ వాదనను సుప్రీంకోర్టు ఒప్పలేదు. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఫజ్లున్‌బీ కేసులో 500 రూపాయల మహర్, 750 రూపాయల ఇద్దత్ ఖర్చు ఇచ్చి భర్త బాధ్యత తీరిందన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం అదే సూత్రాన్ని మళ్ళీ చెప్పింది. మహర్ పెళ్ళికి సంబంధించిన బాకీ. అది తీర్చినందుకు విడాకుల బాధ్యత తీరదని ఆ తీర్పుల సారం. మహర్ వేరు, మతా వేరు అన్న ఫిఖహ్ విభజనకు ఇది దూరమైనది కాదు. కోర్టు దానిని ఫిఖహ్ భాషలో చెప్పలేదు, అంతే.

షాబానో కేసులో 3,000 రూపాయల మహర్ కట్టేశానన్నది ఇండోరు న్యాయవాది అయిన భర్త వాదన. మధ్యప్రదేశ్ హైకోర్టు నిర్ణయించిన భరణం నెలకు 179 రూపాయల 20 పైసలు. 1985 ఏప్రిల్ 23న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని స్థిరపరచింది. తీర్పులో అల్‌బఖరా 241వ ఆయత్ ప్రస్తావన ఉంది. ఆ సందర్భంలో, 1973లో హైదరాబాదులో రూపుదిద్దుకున్న ముస్లిం పర్సనల్ లా బోర్డు తరఫున రెండు మాటలు చెప్పారు. ఆ ఆయత్‌లో ఉన్న మతా భరణం కాదు, ఏర్పాటు అనేది ఒకటి. అది ముత్తఖీలపై మాత్రమే బాధ్యత, సాధారణ ముస్లింలపై కాదు అనేది రెండవది. రెండవ మాట తౌబా బిన్ నమిర్ వాదానికి దగ్గరిదే. అయితే తౌబా ఇవ్వనివాడిని సాక్షిగా కూడ పనికిరాడన్నాడు. ఢిల్లీలో ఆ సగం ఎవరూ గుర్తుచేయలేదు. ఉలమాను సంప్రదించకుండా ఖుర్ఆన్‌కు భాష్యం చెప్పడం కోర్టు పని కాదన్న ఆక్షేపణలో బలముంది. కాని ఆ ఆక్షేపణ చేసినవారు భర్త విడిచిన వృద్ధురాలికి మతా రూపంలో ఎంత ఇవ్వాలో అయినా చెప్పి ఉండవలసింది.

ఉద్యమ ఫలితంగా 1986లో వచ్చిన ముస్లిం మహిళల విడాకుల హక్కుల పరిరక్షణ చట్టం విచిత్రమైన రీతిలో ఆ లోటు పూడ్చింది. దాని 3వ సెక్షన్ కింద స్త్రీకి మహర్ రావాలి. పెళ్ళికి ముందు, పెళ్ళిలో, పెళ్ళి తరువాత బంధుమిత్రులు గాని భర్త తరఫువారు గాని ఇచ్చిన సొత్తు యావత్తూ తిరిగి రావాలి. బిడ్డకు రెండేళ్ళ వరకు పోషణ రావాలి. వీటితోబాటు ఇద్దత్ కాలంలో సముచితమైన ఏర్పాటు, భరణం చేసి చెల్లించాలని ఉంది. 'ఏర్పాటు' అన్న మాట బోర్డు కోర్టులో చెప్పినదే. ఇద్దత్ లోపు ఇవ్వవలసిందా, ఇద్దత్ వరకు సరిపడా ఇవ్వవలసిందా అన్నది కొత్త వివాదం. 1988లో కేరళ, గుజరాత్ హైకోర్టులు మొదటి అర్థాన్ని తీసుకున్నాయి. 1990లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి అధికసంఖ్యాక తీర్పు రెండవ అర్థాన్ని పట్టుకుంది. పర్యవసానంగా పదేళ్ళకు పైగా తెలుగు ప్రాంతపు స్త్రీకి మలబారు స్త్రీ కంటే తక్కువ వచ్చింది. చట్టం ఒక్కటే, కోర్టు వేరు. 2001 సెప్టెంబరు 28న డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు మొదటి అర్థాన్ని ఖాయం చేసింది. ఇద్దత్ ముగిసేలోగా ఆమె భవిష్యత్తుకంతటికీ తగిన ఏర్పాటు చేయాలి. పిటిషనరు లతీఫీ షాబానో తరఫున వాదించిన న్యాయవాదియే. చట్టం చెల్లదనాలని ఆయన వెళితే, చట్టం చెల్లుతుందంటూనే కోర్టు ఆయన కోరినదానికి దగ్గరైన ఫలితమిచ్చింది. మతాకు ఇంత విస్తృతమైన అర్థం ఇవ్వడానికి పార్లమెంటు చట్టమూ, కోర్టూ కావలసివచ్చాయి.

ముస్లిం దేశాలు కొన్ని ఈ పని తమ ఉలమాతోనే చేయించుకున్నాయి. కాపురం చేసిన భార్యకు ఆమె సమ్మతి లేకుండా, ఆమె వైపు కారణం లేకుండా తలాఖ్ ఇచ్చినవాడు కనీసం రెండేళ్ళ నఫఖాకు సమానమైన మతా ఇవ్వాలని ఈజిప్టు 1985 చట్టం విధించింది; వాయిదాల మీద కట్టే వీలు కూడ ఉంది. షాబానో తీర్పు వచ్చిన ఏడాదే అది కూడ వచ్చింది. మలేషియాలో 1984 చట్టం మతాతో బాటు, దంపతులు కలిసి సంపాదించిన ఆస్తిలో కూడ వాటాను గుర్తించింది. ఇది అక్కడి మలయ్ ఆచారం నుండి వచ్చినది.

తెలుగు ప్రాంతంలో మహర్ కంటే ఎక్కువ నష్టం జహేజ్ దగ్గర జరుగుతున్నది. తండ్రి కూతురికిచ్చిన నగలు, సామాను ఆమె సొత్తు అన్నది ఫిఖహ్. వరునికి ముట్టే 'జోడే కీ రకం'కు షరీఅత్‌లో స్థానమే లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం కట్నం నిర్వచనం నుండి మహర్‌ను మినహాయించింది. 1985 నియమాలు పెళ్ళి కానుకల జాబితా రాసి సంతకాలు చేయాలన్నాయి. ఖాజీ సియాహాలో మహర్ అంకె ఉంటుంది గనుక అది రుజువవుతుంది. జాబితా లేని జహేజ్ రుజువు కాదు. మన పెళ్ళిళ్ళలో వంటవాడి లెక్కకు చీటీ ఉంటుంది, ఆడపిల్ల బంగారానికి ఉండదు.

2024 జులై 10న సుప్రీంకోర్టు మరొక తీర్పు చెప్పింది. కేసు తెలంగాణ నుండి వెళ్ళినది. 1986 చట్టం ఉన్నది గనుక తలాఖ్ పొందిన ముస్లిం స్త్రీ 125వ సెక్షన్ కింద అడగరాదని భర్త వాదన. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయలు అన్నదానిని తెలంగాణ హైకోర్టు 10,000కు తగ్గించింది. ఇద్దరు న్యాయమూర్తులు వేరువేరుగా రాసి, ఒకే నిర్ణయానికి వచ్చి భర్త అప్పీలును కొట్టివేశారు. రెండు మార్గాలలో ఏదైనా, అవసరమైతే రెండూ ఆమెకున్నాయి. 125వ సెక్షన్ స్థానంలో ఆ జులై 1 నుండే కొత్త సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. మహర్, సొత్తు, ఇద్దత్ ఖర్చు, మతా కోరే స్త్రీ 1986 చట్టం కింద మెజిస్ట్రేటుకు ఒక్క దరఖాస్తులోనే వీటన్నిటినీ రాయవచ్చు. ఆ దరఖాస్తుపై నిర్ణయానికి చట్టం పెట్టిన గడువు ఒక నెల. ఉత్తర్వు తరువాత కూడ కారణం లేకుండా చెల్లించని భర్తకు ఏడాది వరకు జైలు.